ఒక నిందితుడు కావలెను

గరికిన లోవరాజు చేసిన తప్పల్లా ఒక్కటే, మ్యాచ్ అయిపోయాక బంతులు లెక్కపెట్టడం. ఎవరూ చెయ్యమనలేదు. రేవుపట్నం యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్బులో ఆట ముగియగానే మిగతా కుర్రాళ్ళు సైకిళ్ళెక్కి టీ కొట్టు వైపు తుర్రుమనేవాళ్ళు. లోవరాజు మాత్రం గోలు వెనకాల తుప్పల్లో దూరిన బంతులన్నీ ఏరుకొచ్చి, సంచిలో వేసి, గదికి తాళం పెట్టి, గోడకి వేలాడే రిజిస్టర్లో 'పన్నెండు బంతులు, సాయంత్రం ఆరూ నలభై, జి. లోవరాజు' అని రాసి సంతకం పెట్టి వెళ్ళేవాడు. జాలరిపేటలో పుట్టినవాడు. వేట నుంచి వచ్చాక వల సర్దకుండా ఇంటికెళ్ళే మనిషిని ఆ పేటలో మనిషిగా లెక్కపెట్టరు. వాడు అంత బుద్ధిమంతుడు కాకపోయి ఉంటే ఈ కథ ఇంకొకడి మీద నడిచేది.

ఆ ఏడు వానలు మొదలయ్యే రోజుల్లో రాష్ట్ర సమాఖ్య నుంచి క్లబ్బులన్నిటికీ ఒక సర్క్యులర్ వచ్చింది. పద్నాలుగు పేజీలు. ఎక్కడో ఏదో క్లబ్బులో ఒక కుర్రాడి మీద నింద పడితే వాణ్ణి ఆ పూటకి ఆ పూటే గెంటేశారట. తర్వాత వాడు ఏమైపోయాడో చూసిన నాథుడు లేడట. అది అన్యాయమే, కాదని ఎవరంటారు. అందుచేత ఇకమీదట ఇరవయ్యొక్కేళ్ళ లోపు ఆటగాడి మీద నింద పడితే వాణ్ణి కంటికి రెప్పలా కాచుకోవలసిన బాధ్యత క్లబ్బుదేనని సమాఖ్య తీర్మానించింది. ఇంతవరకూ బాగానే ఉంది. అసలు సంగతి పదమూడో పేజీలో ఉంది. ఏటా ఒక పరిశీలకుడు వచ్చి, క్లబ్బు తన నిందితుల్ని ఎంత బాగా చూసుకుంటున్నదో కళ్ళారా చూసి గ్రేడు వేస్తాడు. బాగా చూసుకుంటే ఏ. చూసుకోకపోతే సి. అసలు నిందితుడే లేని క్లబ్బు ఒకటుంటుందన్న ఊహ ఆ సర్క్యులర్ రాసినవాళ్ళకి రానే లేదు.

దాంతో క్లబ్బు కార్యదర్శి అప్పికట్ల సూర్యప్రకాశం గారికి నిద్ర పట్టడం మానేసింది. ఆయన సహకార శాఖలో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరైన మనిషి. కాగితం మీద లేనిది లోకంలోనే లేదని ఆయన గట్టి నమ్మకం. ఇంట్లో మంచినీళ్ళు కావాలన్నా 'తాగునీటి విషయమై' అని మొదలుపెడతారని వాళ్ళావిడ నలుగురిలో చెప్పుకుని నవ్వేది. పక్క జిల్లా క్లబ్బుకి ఇద్దరు నిందితులున్నారని, అందులో ఒకడు ఏకంగా గోల్‌కీపరని ఆయనకి కబురొచ్చింది. ఇక్కడ చూస్తే పాతికమంది కుర్రాళ్ళు, ఒక్కడూ ఒక్క వెధవ పనీ చెయ్యడు. కోచ్ అబ్రహాం మాస్టారు వాళ్ళని అలా తయారుచేశారు. సూర్యప్రకాశం గారు ఆయన్ని పిలిచి, మీ క్రమశిక్షణ కారణంగా ఈ సంస్థ ప్రగతి కుంటుపడుతోందని, కుర్రాళ్ళను బొత్తిగా నిందకు నోచుకోకుండా పెంచారని మందలించారు. మాస్టారు ఇకనుంచి చూసుకుంటానండి అని వచ్చేశారు.

ఇలా ఉండగా జిల్లా సెమీఫైనల్లో మనవాళ్ళు గెలిచారు. రెండు గోల్సూ లోవరాజు ఎడమకాలి నుంచే వచ్చాయి. టపాకాయలు, డప్పులు, సముద్రపొడ్డు రోడ్డు మీద ఊరేగింపు. ఊరేగింపు ముందు సూర్యప్రకాశం గారి ఎర్ర జీపు, దాని మీద క్లబ్బు జెండా. లోవరాజు ఊరేగింపులో లేడు. తుప్పల్లో పన్నెండో బంతి దొరకలేదు, దాన్ని వెతుక్కుంటున్నాడు.

మర్నాడు పొద్దున్నే దేముడమ్మ క్లబ్బు ఆఫీసుకి వచ్చింది. గ్రౌండు గేటు అవతల బండి పెట్టుకుని మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముకునే మనిషి. ఆ రోజు లోపల ఏం జరిగిందో, గుమ్మం దగ్గర నిలబడ్డ వాచ్‌మన్ కనకారావు తర్వాత లోవరాజుకి పూస గుచ్చినట్టు చెప్పాడు. ఊరేగింపులో తన బండి బోర్లా పడిపోయిందని, చక్రం విరిగిందని, నిప్పులన్నీ రోడ్డు పాలయ్యాయని ఆవిడ అంది. మీవాళ్ళ పనే అంది. ఆ మాట వినేసరికి సూర్యప్రకాశం గారు లేచి నిలబడ్డారట. కుర్చీ వేయించారట. టీ తెప్పించారట. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఒక ఫిర్యాదుని ఆయన అంత ప్రేమగా తీసుకోవడం అదే మొదటిసారి అయి ఉంటుంది.

"ఎవులు పడేసినారో సెప్తాను, ఇనండి బాబూ," అంది దేముడమ్మ.

"వద్దమ్మా. తొమ్మిదో నిబంధన ప్రకారం జరిగిన సంఘటనను బాధితులచేత మళ్ళీ చెప్పించరాదు. మనసు గాయపడుతుంది."

"నా మనసుకేటి కానేదు బాబూ. సక్రానికే అయినాది."

ఆయన వినలేదు. ఆవిడకి కావలసింది పెద్దదేం కాదు. ఎవరో ఒకరు వచ్చి, అయ్యో పొరపాటైపోయిందని ఒక మాట చెప్పి, చక్రం బిగించి వెళ్తే చాలునంది. అది నిబంధనల్లో లేదు. ఫారంలో ఆవిడ చేత వేలిముద్ర వేయించి, ఇక మీరు మాకు గాని మా ఆటగాళ్ళకు గాని ఎదురుపడకూడదని, అది మీ క్షేమం కోసమేనని చెప్పి పంపించారు. గేటు దగ్గరి జాగా కూడా అలా పోయింది. ఆవిడ విరిగిన బండి ఈడ్చుకుంటూ ఎక్కడో సముద్రపొడ్డుకి వెళ్ళిపోయింది.

ఇక మిగిలింది ఫారంలో నిందితుడి పేరు గడి. ఆవిడ ఎవరి పేరూ చెప్పలేదు, చెప్పనివ్వలేదు కాబట్టి. పేరు తెలియని పక్షంలో రికార్డుల ఆధారంగా నిర్ణయించుకోవచ్చునని సర్క్యులర్ ఉదారంగా అనుమతించింది. ఆ సాయంత్రం ఆరూ నలభైకి గ్రౌండులో ఎవరున్నారో తెలిపే రికార్డు క్లబ్బు మొత్తానికి ఒక్కటే ఉంది. అందులో సంతకం ఒక్కటే ఉంది.

లోవరాజుకి కబురొచ్చినప్పుడు వాడు స్టేట్ టీమ్ సెలక్షన్ల గురించే అనుకున్నాడు. తల దువ్వుకుని, బూట్లు తుడుచుకుని పరిగెత్తాడు. ఆ నెలాఖరు ఆదివారం విశాఖపట్నంలో అండర్ ట్వంటీవన్ సెలక్షన్లు. మళ్ళీ రెండేళ్ళ దాకా లేవు, అప్పటికి వాడికి వయసు దాటిపోతుంది. ఆ ఆదివారం కోసం వాడు రెండేళ్ళుగా ఇసకలో పరిగెడుతున్నాడు. ఆఫీసులో సూర్యప్రకాశం గారు వాడి చెయ్యి పట్టుకుని కుర్చీలో కూచోబెట్టి, నీ మీద నింద పడింది నాయనా, నువ్విక నిశ్చింతగా ఉండవచ్చు అన్నారు.

సంగతి అర్థమయ్యాక వాడు కుర్చీలోంచి లేచిపోయాడు. "నానేటి సెయ్యనేదు సార్. నాను అప్పుడు..."

ఆయన గబుక్కున రెండు చెవులూ మూసుకున్నారు. చేశావని మేము నమ్మకూడదు, చెయ్యలేదనీ నమ్మకూడదు, రెండూ పక్షపాతమే అన్నారు. నువ్వు చెప్పేది వింటే అది విచారణ కిందికి వస్తుంది, విచారణ నీ మానసిక ఆరోగ్యానికి హానికరం, కాబట్టి దయచేసి నిజం చెప్పవద్దు అని బతిమాలుకున్నారు. ఆయన ముఖంలో ఎంత జాలి ఉందంటే, లోవరాజుకి ఆయన్ని ఓదార్చాలనిపించింది.

ఆ రోజు నుంచి సంరక్షణ మొదలైంది. ట్రోఫీలుండే గదిలో ట్రోఫీలు తీసేసి మంచం వేశారు. పూటకి రెండు గుడ్లు, గ్లాసుడు పాలు. గ్రౌండులోకి వెళ్ళకూడదు, ఎవరైనా అనుమానంగా చూస్తారు. బంతి ముట్టుకోకూడదు, బంతిని చూస్తే రిజిస్టరు గుర్తొస్తుంది, రిజిస్టరు గుర్తొస్తే నింద గుర్తొస్తుంది. ఫోను దగ్గర పెట్టుకోకూడదు. కనకారావుని 'సహచర సంరక్షకుడు'గా నియమించి, నిందితుడికి పది అడుగుల దూరంలో ఎప్పుడూ ఉండాలని రాతపూర్వకంగా ఆదేశించారు. యాభై అయిదేళ్ళ కనకారావుకి మోకాళ్ళ నొప్పులు. లోవరాజు దొడ్డికి వెళ్ళినా బయట నిలబడి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమన్నారు, ఒంటరితనం కలగకుండా. పాపం కనకారావుకి అన్ని కబుర్లు ఎక్కడివి. రెండు రోజుల్లో అయిపోయాయి. మూడో రోజు నుంచి తన పెళ్ళి కథే మళ్ళీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.

వారానికోసారి టౌను నుంచి ఒక కౌన్సెలర్ వచ్చేది. మంచి పిల్లే. ఎలా ఉంది అని అడిగేది. సెయ్యనేదు మేడమ్ అని వాడు మొదలుపెట్టగానే, అది వద్దు, ఎలా ఉందో మాత్రం చెప్పు అనేది. బాగోలేదు అని వాడు చెప్పేవాడు. ఆవిడ అది రాసుకునేది. మనసు కుదుటపడేదాకా విచారణ జరపరాదని ఆవిడ రిపోర్టు. విచారణ జరగనందువల్లే మనసు కుదుటపడలేదని కూడా అదే రిపోర్టులో కింద రాసి ఉంది. సూర్యప్రకాశం గారు రెండు వాక్యాలకీ ఎర్ర సిరాతో టిక్కు పెట్టి ఫైల్లో పెట్టుకున్నారు. ఆయనకి ఆ రెండూ కలిసి చాలా నచ్చాయి.

వీటన్నిటినీ మించింది పోస్టరు. నిందితుడి పట్ల సమాజంలో సానుభూతి పెంపొందించాలని సర్క్యులర్లో ఒక నిబంధన. పేరు మాత్రం బయటపెట్టకూడదు. అందుకని సూర్యప్రకాశం గారు నాలుగు వందల పోస్టర్లు వేయించి, బస్టాండు నుంచి చేపల రేవు దాకా ప్రతి కరెంటు స్తంభానికీ అంటించారు. 'జాలరిపేట గరికిన వారి రెండో అబ్బాయి, మన లెఫ్ట్ వింగర్, పేరు గోప్యం, ఇతణ్ణి ఎవరూ అనుమానంగా చూడవద్దని మనవి' అని పెద్దక్షరాలతో. పక్కన ఫొటో, కళ్ళ మీద మాత్రం నల్లగీత. పోస్టరు పడేదాకా ఊళ్ళో ఈ సంగతి పట్టుమని పదిమందికి తెలీదు. పడ్డాక, ఏం చేశాడంట, ఏం చేశాడంట అని ఊరు ఊరంతా అడగడం మొదలుపెట్టింది. బండి బోర్లా పడడం చాలా చిన్న సంగతి కాబట్టి ఎవరూ దాన్ని నమ్మలేదు. చేపల మార్కెట్టుకి చేరేసరికి అది మనిషిని పొడిచిన కేసైంది.

వాళ్ళమ్మ పోలమ్మ వచ్చింది, చేపల పులుసు పట్టుకుని. ఆవిడ చేత కూడా ఒక ఫారం నింపించారు, 'భావోద్వేగపూరిత సందర్శకురాలు' అన్న గడిలో. కనకారావు కిటికీ దగ్గర నిలబడి మొహం అటు తిప్పుకున్నాడు. కొడుకు తింటుంటే ఆవిడ పులుసు వడ్డిస్తూ కూచుంది. ఆఖరికి, మీ నాన్న పడవలోకి కలాసీలు రామంటున్నార్రా అని మాత్రం అంది. ఎత్తిన ముద్ద లోవరాజు మళ్ళీ గిన్నెలో పెట్టేశాడు. నేను చెయ్యలేదే అమ్మా అన్నాడు. నువ్వు చెయ్యవని నాకు తెలీదేట్రా అంది ఆవిడ. మూడు వారాల్లో వాడి మాట చెవిన వేసుకున్న మనిషి ఆవిడొక్కతే. ఆవిడ నమ్మకానికి ఫైల్లో గడి లేదు.

ఇంతలో ఆటగాళ్ళుండే క్లబ్బు హాస్టల్లో ఇంకో గొడవ లేచింది. నిందితుడికి గుడ్లు, పాలు, విడిగా మంచం అని తెలిసేసరికి మిగతా కుర్రాళ్ళకి కడుపు మండింది. వాళ్ళకి పొద్దున్నే చల్దన్నం, ఒక గదికి పన్నెండు మంది. ఒకడు వెళ్ళి మాస్టారి ఎడమకాలి చెప్పు తనే దాచానని నేరం ఒప్పుకోబోయాడు. ఇంకొకడు వాణ్ణి తోసేసి, కుడికాలిది తను దాచానన్నాడు. సెంటర్ హాఫ్ వెంకటప్పడు మరీ ముందుకెళ్ళి, ఆరో తరగతిలో పక్కవాడి పెన్సిలు కొట్టేసిన సంగతి బయటపెట్టి, ఇప్పుడైనా నన్ను కాపాడండి సార్ అని ఏడ్చాడు. ఉన్నది ఒక్క గదేనని, ఖాళీ అయినప్పుడు వరస ప్రకారం చూస్తామని సూర్యప్రకాశం గారు వాళ్ళని వెయిటింగ్ లిస్టులో రాసుకున్నారు. ఇన్నేళ్ళ తన శ్రమ మూడు వారాల్లో మట్టికొట్టుకుపోయిందని అబ్రహాం మాస్టారు ఆ రోజు నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆయన సెలక్షన్ల సంగతి ఎత్తితే, నింద ఉండగా ఆడించడం అమానుషం కదండీ అని కార్యదర్శి గారు నొచ్చుకున్నారు.

ఆదివారం ఇంకా అయిదు రోజులుంది. లోవరాజుకి చదువుకోవడానికి ఇచ్చింది ఆ సర్క్యులర్ ఒక్కటే, నీ హక్కులు నువ్వు తెలుసుకోవాలని. పనేం లేక వాడు దాన్ని మొదటినుంచి చివరిదాకా మూడుసార్లు చదివాడు. మూడోసారి ముప్పై ఒకటో నిబంధన దగ్గర వేలు ఆగిపోయింది. తప్పు ఒప్పుకున్న ఆటగాడు నిందితుడు కాజాలడు, దోషి అగును. దోషికి సంరక్షణ అక్కర్లేదు. శిక్ష ఉంటుంది. మొదటి తప్పుకి శిక్ష ఒక రోజు సస్పెన్షన్, బాధితురాలికి స్వయంగా క్షమాపణ. అక్కడితో ఫైలు మూసివేయవలెను. చెయ్యనివాడికి మూడు వారాలైనా అంతూ పొంతూ లేదు. చేసినవాడికి ఒక్క రోజు.

లోవరాజు గురువారం పొద్దున్నే పలక మీద దిద్దినట్టున్న అక్షరాలతో 'దేముడమ్మ గారి బండి నేనే పడేశాను' అని రాసుకుని ఆఫీసుకి వెళ్ళాడు. కనకారావు పది అడుగుల వెనక. కాగితం చదవగానే సూర్యప్రకాశం గారి మొహం పాలిపోయింది. పరిశీలకుడు శనివారం వస్తున్నాడు.

"తొందరపడకు నాయనా. నువ్వే చేశావని నీకేమిటి నమ్మకం?"

"నానే సేసినాను సార్."

"నువ్వంటే సరిపోతుందా? సాక్ష్యం ఏది? నువ్వు నిర్దోషివి అయి ఉండవచ్చునన్న కోణం ఒక్కసారైనా ఆలోచించావా?"

మూడు వారాల నుంచి లోవరాజు ఆ కోణం తప్ప ఇంకోటి ఆలోచించలేదు. సూర్యప్రకాశం గారు లేచి అటూ ఇటూ తిరిగారు. ఈ వయసులో ఆవేశం సహజమని, ఒక మంచి నిందితుడు దొరకడం ఎంత కష్టమో నీకు తెలియదని, నీ మీద ఈ సంస్థ ఎన్ని ఆశలు పెట్టుకున్నదో చూడమని నచ్చజెప్పారు. ఆఖరికి కాగితం సొరుగులో పెట్టి తాళం వేసి, శనివారం సాయంత్రం అయిదింటికి, పరిశీలన అయిపోయాక నిరభ్యంతరంగా ఒప్పుకోవచ్చునన్నారు. శనివారం అయిదింటికి ఒప్పుకుంటే ఒక రోజు సస్పెన్షన్ ఆదివారం అయిదుకి తీరుతుంది. సెలక్షన్లు ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి.

ఆ మధ్యాహ్నం పోలమ్మ వచ్చి సంగతి విని, తెచ్చిన గిన్నె కింద పెట్టేసింది. "సెయ్యని దానికి సేసినానని రాసిచ్చేస్తావేట్రా? రేపు మీ నాన్న రేవులో ఎవుడి మొగం సూత్తాడు?"

"ఆడకపోతే నాను బతకనేనే అమ్మా," అన్నాడు వాడు. అన్నాక వాడికి ఏడుపొచ్చింది. దోషి అన్న మాట ఒకసారి పేటకెక్కితే దిగదని వాడికి తెలుసు. రేపు తనకి పుట్టబోయే పిల్లలకి కూడా ఆ మాట తగులుకుంటుందని తెలుసు. అయినా ఎడమకాలు నిలవడం లేదు. ఆవిడ వాడి తల నిమిరింది గాని, సరేనని మాత్రం అనలేదు.

శుక్రవారమంతా లోవరాజు తనకి తానే సస్పెండై గదిలో కూచున్నాడు. ఏ తేడా లేదు గాని, నిబంధన నిబంధనే. శనివారం పొద్దున్న, ఆఫీసులో పరిశీలకుడి కోసం ముగ్గు వేస్తూ హడావుడిగా ఉంటే, వాడు సర్క్యులర్ చంకలో పెట్టుకుని గేటు దాటాడు. కనకారావు ఆపలేదు. వెంట ఉండమన్నారు గాని ఆపమని ఎక్కడా రాయలేదు.

దేముడమ్మ సముద్రపొడ్డున ఇసకలో కూచుని ఉంది. విరిగిన బండి పక్కకి ఒరిగి ఉంది. మూడు ఇటుకల మీద కుంపటి పెట్టుకుని పొత్తులు కాలుస్తోంది. వెనక స్తంభానికి వాడి పోస్టరు. లోవరాజు ఎదురుగా నిలబడి, సర్క్యులర్ చివరి పేజీలో ఇచ్చిన క్షమాపణ పాఠం చదవడం మొదలుపెట్టాడు. సదరు సంఘటన పర్యవసానంగా సదరు బాధితురాలికి కలిగిన అసౌకర్యమునకు, అంటూ ఉండగానే ఆవిడ విసనకర్ర ఆపి వాడి మొహంలోకి చూసింది.

"నువ్వు కాదు కదా బాబూ."

"కాదమ్మా."

"మరెందుకొచ్చినావు?"

వాడికి ముప్పై ఒకటో నిబంధన చెప్పాలనిపించలేదు. ఒరిగిన బండిని చూశాడు. "ఎవులో ఒకలు రావాలి గదమ్మా," అన్నాడు. అది అబద్ధం కాదని అన్నాకే వాడికి తెలిసింది. కాగితం మడిచి, బండి కింద దూరి, చక్రానికి ఏమైందో చూడబోయాడు. ఇరుసు వంగిపోయి ఉంది. ఇది కాలితో తన్నితే వంగేది కాదు. వాడు తల బయటపెట్టి ఆవిడ వైపు చూశాడు.

అప్పుడు ఆవిడ జరిగింది చెప్పింది. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఊరేగింపు మలుపు తిరిగే చోట ఎర్ర జీపు వెనక్కొచ్చింది. బండిని గుద్దింది. ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ ముందుకెళ్ళిపోయింది. ఆ మాట చెప్పడానికే ఆఫీసుకెళ్తే కుర్చీ వేసి, టీ ఇచ్చి, నోరు మూయించారు. కనకారావు పది అడుగుల దూరం మరచిపోయి దగ్గరికొచ్చి విన్నాడు. తర్వాత దేముడమ్మ కుంపటి మీద నీళ్ళు చల్లి, కొంగు దులుపుకుని లేచింది, పద అంది.

వాళ్ళు ముగ్గురూ వచ్చేసరికి పరిశీలకుడు నిరంజనరావు గారు సంరక్షణ గది గుమ్మంలో నిలబడి ఉన్నారు. సన్నటి మనిషి, చేతిలో లావుపాటి ఫైలు. మంచం, పాలగ్లాసు, ఫారాలు, పోస్టరు నమూనా అన్నీ చూసి పొంగిపోతున్నారు. ఇంత సర్వాంగసుందరమైన సంరక్షణ తాను రాష్ట్రంలో ఎక్కడా చూడలేదని, ఇందులో ఒక్క నిందితుడు కూడా ఉంటే పరిపూర్ణంగా ఉండేదని అంటున్నారు. సూర్యప్రకాశం గారు నుదురు తుడుచుకుంటూ, స్వచ్ఛవాయు సేవనం నిమిత్తం బయటికి పంపామని చెబుతున్నారు.

దేముడమ్మ నేరుగా వచ్చి సూర్యప్రకాశం గారి వైపు చెయ్యి చూపించింది. "నా బండిని గుద్దింది ఈ బాబు జీపే," అంది.

నిరంజనరావు గారు నెమ్మదిగా కలం తీశారు. మీ వయసెంత అని కార్యదర్శి గారిని అడిగారు. అరవై రెండని తెలిసి కాస్త నిరుత్సాహపడ్డారు. తర్వాత ఆయన కళ్ళు మెరిశాయి. ఇరవయ్యొక్కేళ్ళు దాటినవారికి సంరక్షణ ఇవ్వకూడదని సర్క్యులర్లో ఎక్కడా లేదన్నారు. నిందపడిన కార్యదర్శి రాష్ట్రంలో ఇదే మొదటి కేసని, దీన్ని ఆదర్శ నమూనాగా తీసుకోవచ్చునన్నారు. గది ఎలాగూ సిద్ధంగా ఉంది. సహచర సంరక్షకుడు అనుభవజ్ఞుడు. పోస్టరు రేపు సాయంత్రానికి పడవచ్చు, కళ్ళ మీద నల్లగీతతో.

"అయ్యా, నన్నొక్క మాట చెప్పనివ్వండి," అన్నారు సూర్యప్రకాశం గారు.

నిరంజనరావు గారు రెండు చెవులూ మూసుకున్నారు. అది మీ మానసిక ఆరోగ్యానికి మంచిది కాదన్నారు. ఆవిడ మాటని మేము నమ్మడం లేదు, మీ మాటనీ నమ్మబోము, మీరు నిశ్చింతగా ఉండండి అన్నారు. కనకారావు అలవాటు కొద్దీ వెళ్ళి సూర్యప్రకాశం గారికి పది అడుగుల దూరంలో నిలబడ్డాడు. ఆయన మంచం వైపు చూశారు. పాలగ్లాసు వైపు చూశారు. ఆయన్ని అలా చూస్తే లోవరాజుకి కోపం రావలసింది. మూడు వారాల కోపం దాచిపెట్టుకుని ఉన్నాడు. తీరా ఇప్పుడు వెతుక్కుంటే జాలే దొరికింది. ఆ మంచం మీద పడుకుంటే ఎలా ఉంటుందో ఆ గదిలో వాడొక్కడికే తెలుసు.

వాడు దగ్గరికెళ్ళి మెల్లిగా అడిగాడు. "సార్, మీరు సేసినారా?"

సూర్యప్రకాశం గారు వాడి మొహం చూశారు. ఆయన గొంతులో సదరులూ, విషయమైలూ అన్నీ ఎక్కడికో పోయాయి.

"చేశాన్రా," అన్నారు. "వెనక్కి తీస్తుంటే ఏదో తగిలింది. టపాకాయలేమో అనుకున్నాను. కాదని అప్పుడే తెలుసు. దిగితే అందరూ చూస్తారని భయమేసి వెళ్ళిపోయాను."

అంత చిన్న మాట. ఆయన మంచం అంచు మీద కూలబడ్డారు. నిరంజనరావు గారు తెరిచిన ఫైలు మొదటి పేజీ కూడా నిండలేదు. దోషి అయిపోయారు కాబట్టి ఇక చూడవలసింది ఏమీ లేదని, ఎంతో భవిష్యత్తున్న కేసు చేజేతులా పాడైపోయిందని బాధపడుతూ కలం మూశారు. క్లబ్బుకి సి గ్రేడు వేసి మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయారు.

దేముడమ్మ సూర్యప్రకాశం గారి దగ్గరికెళ్ళి, రేపొచ్చి ఆ ఇరుసు సరిచేయించి చక్రం బిగించండి బాబూ, అక్కడితో సరి అంది. ఆయన తల ఊపారు. తర్వాత సొరుగు తాళం తీసి లోవరాజు రాసిన కాగితం వాడి చేతికే ఇచ్చేశారు. వాడు ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నాడు, అమ్మకి చూపించాలని.

మర్నాడు తెల్లవారి మొదటి బస్సులో విశాఖపట్నం వెళ్ళాడు. అబ్రహాం మాస్టారు పక్కనే ఉన్నారు. సెలక్షన్ల దగ్గర ముందు ఒక ఫారం ఇచ్చారు. పేరు, తండ్రి పేరు, ఏ కాలితో ఆడతావు. అన్నిటి కింద, మీ మీద ఏవైనా నిందలున్నాయా అని ఒక గడి. లోవరాజు పెన్ను పట్టుకుని దాని దగ్గర కాసేపు ఆగాడు. తర్వాత లేవు అని రాశాడు. అది సరిపోదనిపించి, నన్ను అడిగితే చెప్తాను అని పక్కన చిన్నక్షరాలతో రాసి, బూట్లు కట్టుకుని గ్రౌండులోకి వెళ్ళాడు.